ఒడ్డనివారి ఓటమి

తండ్రి చేసిన అప్పును కొడుకు తీర్పవలెనని విధించిన ప్రాచీన ధర్మశాస్త్రకర్తలు ఆ విధికి కొన్ని మినహాయింపులను కూడ చెప్పిరి, వానిలో జూదమొకటి. మద్యమునకై చేసిన ఋణమును, కామమునకై చేసిన ఋణమును, ద్యూతమున ఓడి తలకెత్తుకొనిన ఋణమును పుత్రుడు చెల్లింప నక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి నిర్ణయించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యను పదుమూడవ శతాబ్దమున, తిక్కన సోమయాజికి సన్నిహితుడైన కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తండ్రి బుద్ధిహీనతకు బిడ్డను బాధ్యుని చేయరాదను ఆ నిర్ణయములో ఎంత కారుణ్యమున్నదో అంత అమాయకత్వమును ఉన్నదని నాకు తోచును. ఏలయన, ఋణదాత వాకిట నిలిచి అడిగెడి అప్పును మాత్రమే స్మృతి ఆపగలదు. అంతకు ముందే వంటయింటిలో జొరబడి, బడిసంచిలో చేయిపెట్టి, ఆడపిల్ల చదువును సగములో నిలిపి ఆ అప్పు వసూలు చేసికొని పోయినదానిని ఏ ధర్మాసనమును తిరిగి ఇప్పింపజాలదు. తూర్పుకనుమలలో, అరకులోయ చుట్టుపట్ల గిరిజన గ్రామములలో ఈ వసూలు ఏ త్రోవన జరుగునో విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

పాడేరు కేంద్రముగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు మొదలగు మండలములు కొండలమీది ఎత్తైన నేలపై పరచుకొని ఉన్నవి. భగత, కొండదొర, వాల్మీకి, కోటియ, పోర్జ, గదబ, ఖోందు మున్నగు తెగలవారి జీవనము చిరకాలముగా వారపు సంతతో ముడివడియున్నది. పసుపు, మిరియాలు, పిప్పళ్ళమోడి, రాజ్‌మా, ఒలిసెలు, చింతపండు, అడ్డాకులు కావళ్ళమీదను తలలమీదను సంతకు దిగివచ్చును. ఉప్పు, నూనె, బట్ట, ఎండుచేప తిరిగి కొండయెక్కును. అయితే సంత అనగా కొనుటయు అమ్ముటయు మాత్రమే కాదు. ఊరూరి చుట్టములు కలిసికొనునది అక్కడనే, పెండ్లి సంబంధములు కదులునది అక్కడనే, జీలుగుకల్లు పంచుకొనునది అక్కడనే, కొనుగోళ్ళు ముగిసిన పిమ్మట చెట్లనీడను వలయముగా చేరి కోడిపందెము చూచునదియు అక్కడనే.

కోడిపందెమును గూర్చి వ్రాయునపుడు పట్టణవాసులమైన మనము తొందరపడి తీర్పు చెప్పుట తగదు. కొండ ప్రాంతములలో అది నిన్న మొన్న పుట్టిన దురభ్యాసము కాదు; ఇటు అరకు మొదలుకొని అటు కోరాపుట్, బస్తరు వఱకు సంతకు దానికి విడదీయరాని సంబంధమున్నది. పుంజును పెంచినవాడు దానిని బిడ్డవలె సాకును. కాలికి కత్తి కట్టుటలో నేర్పరియైనవానికి ఊరిలో ఒక గౌరవము. ఓడిన కోడి గెలిచినవానికి చెందుననుట పాత కట్టుబాటు. కావున పందెమున పోయినది ఒక కోడియు, కొంచెము చిల్లరయు. ఆ కోడికూరలో ఓడినవానికి కూడ ఒక ముద్ద దొరకకపోదు. ఆస్ట్రేలియా ఉత్తరభాగమున ఆదివాసుల పేకాటను పరిశీలించిన జాన్ ఆల్ట్‌మన్ అను మానవశాస్త్రవేత్త 1985లో ఒక ఆసక్తికరమైన విషయమును ప్రకటించెను: ఆటలో చేతులు మారిన సొమ్ము ఆ సమూహములోపలనే తిరుగుచున్నంతవఱకు అది ఒక విధమైన పంపకముగా పనిచేయునని. మన కొండలలోని పాత పందెమును గూర్చియు ఇదే చెప్పవచ్చునని నా అభిప్రాయము. ఒక వారము ఈ ఇంటి పిల్లలకు కూర తగ్గినచో మరుసటి వారము ఆ ఇంటి పిల్లలకు తగ్గును. ఏ ఇంటి బిడ్డయు శాశ్వతముగా ఓడిపోడు.

ఇచ్చట ఒక చెట్టును గూర్చి చెప్పక ముందుకు సాగలేను. త్రిఫలములలో ఒకటైన తానికాయను ఇచ్చే తానిచెట్టు, దీనినే తాండ్రచెట్టు అనియు అందురు, ఈ అడవులలో సహజముగా పెరుగును. సంస్కృతమున దీనికి విభీతకమని పేరు. ఋగ్వేదమున పదవ మండలములోని అక్షసూక్తము వర్ణించిన పాచికలు ఈ చెట్టు కాయలే. జూదరి భార్య తిరస్కృతయై కుములుననియు, ఎక్కడ తిరుగుచున్నాడో తెలియని కొడుకును తలచుకొని తల్లి తపించుననియు, అప్పులపాలైనవాడు చీకటిపడిన పిమ్మట పరుల ఇండ్లకు చేరుననియు ఆ సూక్తకర్త ఎన్నడో గ్రహించెను. ఇంటిలోని అందఱిని తలచిన ఆ ఋషి జూదరి చిన్నబిడ్డను మాత్రము తలపలేదు. జూదమును గూర్చిన సాహిత్యమున చాలవఱకు ఈ మఱపు కానవచ్చును: ఓడినవాని పశ్చాత్తాపము, భార్య కన్నీరు, గెలిచినవాని కపటము విపులముగా ఉండును, పిల్లలు తెరవెనుక నుందురు.

కోడిపందెము మారిపోయినది రొక్కము కొండయెక్కిన తరువాత. నవంబరు మొదలుకొని జనవరి, ఫిబ్రవరి వఱకు కాఫీపండ్లు కోతకు వచ్చును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ వలన అంతకు మున్నెన్నడు చూడనంత మొత్తము ఒక్కసారిగా ఒక కుటుంబము చేతికి రాగలదు. ఆ సొమ్ము చేతనున్న దినములలోనే సంక్రాంతి పండుగ. పందెము బరి ప్రక్కన గుడ్డ పరచి బొమ్మల పాచికలు దొర్లించు గుండాట, ఆ ప్రక్కన లోన-బయట, మూడు ముక్కలాట వచ్చి చేరును. ఇవి ఊరివారు ఊరివారితో ఆడుకొను ఆటలు కావు. గుడ్డ పరచినవాడు ఎల్లప్పుడు గెలుచునట్లే గుండాట లెక్క కట్టబడియుండును. అతడు సాయంకాలము గుడ్డ మడిచికొని పోవునపుడు సంతలోని సొమ్ము కొంత అతనితో కొండ దిగిపోవును, మఱి తిరిగి రాదు.

న్యాయశాస్త్రము ఈ ఆటలను వేర్వేరు కన్నులతో చూచినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు జరిపిన దాడికి సంబంధించిన వ్యాజ్యములో 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు, జస్టిస్ హిదయతుల్లా ముఖతః, రమ్మీ కేవలము అదృష్టముపై ఆధారపడిన ఆట కాదనియు, ముక్కలను గుర్తుంచుకొనుటయు పేర్చుటయు నేర్పుతో కూడిన పనియనియు, మూడు ముక్కలాట అట్టిది కాదనియు చెప్పెను. తరువాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టము వచ్చినది. 2020లో దానిని సవరించి ఆన్‌లైన్ పందెములను కూడ నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించునట్లు డబ్బుతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. ఆట నైపుణ్యమా, అదృష్టమా అను విచారణ న్యాయస్థానమునకు ఆవశ్యకమే. రాత్రి అన్నమునకై ఎదురుచూచు బిడ్డకు ఆ భేదము లేదు. రమ్మీలో నేర్పుతో ఓడినను గంజి పలుచబడుట ఒక్కటే.

సెల్‌ఫోను వచ్చి మఱొక మార్పు తెచ్చినది. కోడిపందెమునకు సూర్యాస్తమయ మొక హద్దు. నలుగురు చూచుచుందురు గనుక సిగ్గు మఱొక హద్దు. వారమున కొకసారి మాత్రమే సంత జరుగుట మూడవది. సిగ్నలు అందు గుట్టయెక్కి ఫోనులో పందెము కాయువానికి ఈ మూడును లేవు. చట్టము నిషేధించిన పిదపను దొంగదారిని నడుచు అట్టి ఆటలకు కొదువలేదు. అతడు ఇంట కూర్చున్నను ఇంట ఉండడు. పిలిచిన పలుకని తండ్రి, సంతకు పోయి రాని తండ్రికంటె బిడ్డకు అర్థము కాని మనిషి.

జూదరి ఇంట పిల్లలు ఏమి కోల్పోవుదురను ప్రశ్నను ఆస్ట్రేలియాలో ఫిలిప్ డార్బిషైరు మొదలగు పరిశోధకులు పెద్దలను గాక పిల్లలనే అడిగి, 2001లో ప్రకటించిన తమ వ్యాసమున దానికి సర్వవ్యాప్తమైన నష్టమని పేరు పెట్టిరి. సొమ్ము పోవుట అందులో ఒక భాగము మాత్రమే. తల్లియో తండ్రియో ఇంట లేకపోవుట, ఉన్నను మనసు లేకపోవుట, చెప్పిన మాటపై నమ్మకము పోవుట, రేపు ఏమగునో తెలియకపోవుట అనునవి వారు చెప్పిన నష్టములు. ఇది చదివినపుడు కొండయూళ్ళలో వినవచ్చెడి ఒక మాట నాకు జ్ఞప్తికి వచ్చును: "ఈ వారం గెలిస్తే నీకు జోళ్ళు కొంటాన్రా." ఈ మాట అనునపుడు తండ్రి అబద్ధమాడుటలేదు, నిజముగానే కొనవలెనని అతని కోరిక. బిడ్డ మొదటి వారము నమ్మును, రెండవ వారము నమ్మును. తరువాత జోళ్ళను గాక తండ్రి గెలుపును కోరుకొనుట మొదలిడును. జూదము బిడ్డలోనికి ప్రవేశించు ద్వారము ఇదియే. ఓటమి వలన కంటె అప్పుడప్పుడు వచ్చు గెలుపు వలననే ఎక్కువ హాని యని నా విశ్వాసము. గెలిచిన నాడు ఇంట కోడికూర, మిఠాయి, తండ్రి నవ్వు. ఓడిన నాడు తిట్లు, దెబ్బలు, ఖాళీ కుండ. రెండింటికిని కారణము తన నడతయే కాబోలునని తలచు వయస్సు గలవానికి ఇంతకంటె క్రూరమైన పాఠశాల లేదు. దక్షిణ కాలిఫోర్నియాలో డురాండ్ జేకబ్స్ బృందము 1989లో ఉన్నతపాఠశాల విద్యార్థులపై ప్రకటించిన అధ్యయనములో జూదరుల బిడ్డలు పొగాకు, మద్యము, జూదము వైపు తక్కినవారికంటె అధికముగా మొగ్గుదురని తేలినది. అది అమెరికా మాటయైనను, బరి అంచున తండ్రి భుజముపై కూర్చుండి పందెపు భాష నేర్చుకొను పసివాని విషయమున సందేహింపవలసిన పని లేదు.

తల్లుల మాట కూడ చెప్పవలెను. కొండలలో బరువులు మోయునదియు, సంతలో బేరము సాగించునదియు చాలవఱకు స్త్రీయే. ఆమె అమ్మిన పసుపు డబ్బు భర్త చేతికి పోయి బరిలో మాయమైనపుడు ఆ లోటును పూడ్చుటకు ఆమె మఱునాడు అడవికో కూలికో పోవలెను. అప్పుడు ఇంటనున్న చంటిబిడ్డను చూచునదెవరు? ఎనిమిది, తొమ్మిదేండ్ల ఆడపిల్ల. ఆమె పేరు బడి హాజరుపట్టీలో ఉండును. ఆమె మాత్రము ఇంట నుండును. బడి మానుటకు కారణమేమని ఎవరైన అడిగినచో చెల్లెలిని ఎత్తుకొనుటకని చెప్పును, జూదమని చెప్పదు. కావున జూదము ఏ లెక్కలలోను కారణముగా నమోదు కాదు.

ఇక అప్పు. ధర్మశాస్త్రముల మినహాయింపు ఈ కొండలకు ఎన్నడు వర్తించినది కాదు. ఇక్కడివారికి వారి ఆచారములు వేరు. కాని అప్పు బిడ్డలను పట్టుకొనుననునది ఇక్కడ పరిపాలించిన ప్రతి ప్రభుత్వమునకును తెలిసినదే. 1917లో మద్రాసు ప్రభుత్వము చేసిన ఏజెన్సీ చట్టము కొండజాతులవారిపై ఏడాదికి నూటికి 24కు మించిన వడ్డీని, చక్రవడ్డీని, అసలుకు మించిన మొత్తపు వడ్డీని నిషేధించినది. 1940లో ఏజెన్సీలలోని ఋణదాస్యముపై ఒక రెగ్యులేషను వచ్చినది. 1959లో భూబదలాయింపుపైనను, 1960లో వడ్డీవ్యాపారముపైనను, 1970లో గిరిజనుల ఋణవిముక్తికిని రెగ్యులేషనులు చేసిరి. అడవి సరకును దళారుల పాలుగాకుండ కొనుటకై 1956లోనే గిరిజన సహకార సంస్థ వెలసినది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము మఱింత స్పష్టముగా, తాను తీసికొనిన ముందుసొమ్మునకే గాక తన పూర్వులు తీసికొనినదానికి చేయు చాకిరిని కూడ వెట్టిగనే నిర్వచించినది. తాత చేసిన అప్పు మనుమని వీపుపై ఎక్కునని శాసనకర్తలే అంగీకరించి వ్రాసిన వాక్యమది. ముంచింగిపుట్టుకు సరిహద్దు ఆవల, కోరాపుట్ సీమలో ఒక పరజ కుటుంబము షావుకారు అప్పులో కూరుకొనిపోవుటను గోపీనాథ మహంతి 1945లో 'పరజ' నవలగా వ్రాసెను. అందు అప్పునకు మూలము జూదము కాదు, అటవీశాఖ విధించిన జరిమానా. అయినను కుమారులు ఆ అప్పులో భాగస్వాములైన తీరును చదివినవానికి, అప్పు ఎందులకు పుట్టినదను ప్రశ్న బిడ్డల విషయమున ఎంత నిరర్థకమో బోధపడును.

భూమిని గిరిజనేతరునికి అమ్ముట చట్టవిరుద్ధమగుటచే జూదరి తన పొలమును పోగొట్టుకొనుటకు ఒక అడ్డుకట్ట ఉన్నది. చట్టముల మేలు చెప్పుటకు వెనుకాడను. కాని కాయ చెట్టుమీద ఉండగనే కాఫీపంటను తక్కువ ధరకు ఒప్పుకొని ముందుసొమ్ము తీసికొనువానికి ఆ అడ్డుకట్ట లేదు. వచ్చే ఏటి పంటతోపాటు వచ్చే ఏటి పిల్లల బట్టలును పుస్తకములును ఆ ఒప్పందములో చేరిపోవును.

కోడిపందెమున కొడుకులు చెల్లించిన మూల్యమునకు తెలుగుదేశమున పెద్ద నిదర్శనము పల్నాడు. పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడును నాయకురాలు నాగమ్మయు కట్టిన పందెమున బ్రహ్మనాయుని పక్షమైన మాచర్లవారు ఓడి, ఏడేండ్లు ప్రవాసమునకు పోయిరి. అది చివరకు కారెంపూడి రణముగా పరిణమించినది. పందెము వేసిన బ్రహ్మనాయుడు యుద్ధానంతరము మిగిలెను. బొంగరములాడుకొను ప్రాయమింకను తీరని అతని కుమారుడు బాలచంద్రుడు రణభూమిలో మిగులలేదు. మనము బాలచంద్రుని వీరుడని కొనియాడుదుము, అది యుక్తమే. అయినను తండ్రి పుంజు ఓడినందులకు కొడుకు చనిపోయెనను సంగతిని ఆ వీరగాథ శ్రోతలు అంతగా తలంచరు.

నలచరిత్ర దీనికి భిన్నము. శ్రీనాథుని శృంగారనైషధము దంపతుల సుఖముతోనే ముగియుటచే జూదపు ఘట్టము అందులో లేదు. నన్నయ అరణ్యపర్వములో ఉన్నది. నలుడు పుష్కరునితో జూదమాడుచు వరుసగా ఓడుచుండగా, వారింపజూచి ఫలము లేదని గ్రహించిన దమయంతి, రాజ్యము పూర్తిగా పోకముందే సారథియైన వార్ష్ణేయుని పిలిచి, కొడుకు ఇంద్రసేనుని, కూతురు ఇంద్రసేనను రథమెక్కించి విదర్భకు, పుట్టింటికి పంపివేసెను. భర్తను ఆపలేకపోయినది, బిడ్డలను ఆటకు దూరము చేయగలిగినది. ఆ కథలో నాకు మిక్కిలి బాధాకరముగా తోచునది చివరి భాగము. బాహుకుడను పేర సారథియై వచ్చిన నలుని యొద్దకు దమయంతి చెలికత్తె కేశిని ఆ పిల్లలిద్దఱిని తీసికొనిపోగా, అతడు వారిని కౌగిలించుకొని విలపించి, మఱుక్షణము తేరుకొని, వీరు నా బిడ్డలవలె ఉండుటచే కన్నీరు వచ్చినదని సర్దుకొనెను. జూదరి తండ్రి సిగ్గును ఇంతకంటె సూక్ష్మముగా పట్టుకొనిన ఘట్టము మఱొకటి నేనెఱుగను. నలుని ఆవహించి జూదమాడించిన కలి అతనిని విడిచి ఆశ్రయించినది కూడ మన తానిచెట్టునే.

దమయంతికి పుట్టిల్లు ఉన్నది, సారథి ఉన్నాడు. అరకు కొండలలోని తల్లికి ఆ స్థానమున ఉన్నది ఆశ్రమపాఠశాల. గిరిజన సంక్షేమశాఖ నడుపు ఈ వసతిబడులలో గుడ్డు, అన్నము, దుప్పటి, పుస్తకము తండ్రి పందెముతో సంబంధము లేకుండ దొరకును. వీనిలో లోపములు అనేకములు. ఇల్లు విడిచిన పసిపిల్లల దిగులు చిన్నది కాదు. అయినను జూదపు ఇంటినుండి వచ్చిన బిడ్డకు వేళకు అన్నము దొరకునను నిశ్చయమే ఒక చికిత్స. విచిత్రమేమనగా, ఈ బడులకు సంక్రాంతి సెలవులు ఇచ్చుట సరిగా పందెములు ముమ్మరించు దినములలోనే. పది దినముల సెలవులో బిడ్డ ఇంటికి పోయి చూచునది బరి. పండుగను పిల్లలకు దూరము చేయుమని నేననను. ఇంటికి పోలేని, పోనొల్లని పిల్లలకై ఆ దినములలోను వంటగది తెఱచియుంచుట పెద్ద వ్యయము కాదని మాత్రము అందును.

సొమ్ము ఎవరి చేతికి ఎప్పుడు వచ్చుననుట కూడ ఆలోచింపదగినది. 2020 జనవరి 9న ఆరంభమైన అమ్మ ఒడి పథకము బడి ఖర్చుకై 15,000 రూపాయలను తల్లి ఖాతాలోనే వేసినది. అది మంచి యోచన. కాని మొదటి రెండేండ్లును ఆ మొత్తము సంక్రాంతికి కొద్ది దినముల ముందు వచ్చినది! 2022 నుండి అది జూనునకు, అనగా బడులు తెఱచు కాలమునకు మారినది. ఈ మార్పునకు కారణము జూదమని చెప్పలేను గాని, జూదపు ఇంటి పిల్లలకు దానివలన మేలే జరిగియుండును.

తుదకు తండ్రి సంగతి. అతడు దుష్టుడని చెప్పి ఊరకుండుట బిడ్డకు ఏమియు ఉపకరింపదు. అమెరికా మానసికవైద్యులు 1980లోనే మితిమీఱిన జూదమును రోగముగా గుర్తించి, 2013లో మద్యము, మత్తుపదార్థముల వ్యసనముల సరసన చేర్చిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ వ్యాధుల పట్టికలోను అది ఉన్నది. ప్రపంచమున సుమారు 8 కోట్లమంది పెద్దలు ఈ వ్యాధితో ఉన్నారని 2024లో లాన్సెట్ పత్రికా సంఘము అంచనా వేసినది. విశాఖపట్టణమున చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయమున్నది. కాని ముంచింగిపుట్టు నుండి అక్కడికి పోయి వచ్చుటకు రెండు దినముల కూలి పోవును. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలిమానస్ అను మానసికారోగ్య సహాయకేంద్రమునకు 14416 అను సంఖ్యపై ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. పిల్లలకై 1098 అను సహాయసంఖ్య ఉన్నది. పందెము కాయు ఫోనుననే ఈ సంఖ్యలును పనిచేయును.

ఫోనులో మాటాడవలసిన భాష మఱొక చిక్కు. కువి, కొండ, ఆదివాసీ ఒరియా మాటాడు ఇండ్లలో బిడ్డ తన ఇంటి రహస్యమును తెలుగులో చెప్పుట దుష్కరము. రాష్ట్రమున సుమారు 2004 నుండి గిరిజన భాషలలో ప్రాథమికవిద్య నడుపుటకు యత్నము జరిగినది. ఆ భాష తెలిసిన ఊరి యువతీయువకులే బోధకులుగా పనిచేసిరి. అట్టివారికే బిడ్డలు మొదట మాట చెప్పుదురు: నిన్న అన్నము వండలేదనియు, నాయన సంతనుండి రాలేదనియు, అమ్మ ఏడ్చినదనియు. ఆ మాటను విని హాజరుపట్టీ ప్రక్కన మఱొక పుస్తకములో వ్రాసికొనుటకును, దానిని వైద్యునకును సంక్షేమాధికారికిని అందజేయుటకును వారికి ఇంతవఱకు ఎవరును అధికారము ఈయలేదు. ఇచ్చినచో ఖర్చు ఒక పుస్తకము, ఒక ఫోను, వారికి క్రమముగా అందు జీతము.